తల్లి నెత్తురు – బిడ్డ నెత్తురు



మన కృష్ణాతీరపు పల్లెలలో పెంటయ్య, తవిటయ్య, భిక్షాలు అను పేర్లు గల ముదుసళ్లు నేటికిని అక్కడక్కడ కానవత్తురు. ఆ పేర్లు ఎందుకు పెట్టిరో మీకు నేను చెప్పనక్కఱలేదు. పుట్టిన బిడ్డలు పుట్టినట్లే పోవుచుండగా, తరువాత కలిగిన శిశువును పెంటకుప్పమీద నొక్క నిమేషముంచి యెత్తుకొనినచో పెంటయ్య. చేటెడు తవుడునకు పొరుగింటి ముత్తైదువ కమ్మి మరల తెచ్చుకొనినచో తవిటయ్య. ఇంటింట బిచ్చమెత్తి తెచ్చిన గుడ్డలు కట్టినచో భిక్షాలు. ఈ బిడ్డ విలువలేనిదని మృత్యువు తలంచి విడిచిపోవలయునని ఆ తల్లుల యాశ. ఆ పేర్లు విని నవ్వు నేటి పిల్లలకు వాని వెనుకనున్న చావులు తెలియవు.

సంస్కృతమునందును ఈ దుఃఖమునకు పేర్లున్నవి. ఒక్క బిడ్డను మాత్రము కని, మఱి సంతానము నోచుకొనని స్త్రీని కాకవంధ్య యనిరి. కన్న బిడ్డలు దక్కని స్త్రీని మృతవత్స యనిరి. కాశ్యపసంహితలో రేవతీకల్పమను ప్రకరణము కలదు; గర్భమునందును పురిటియందును శిశువులను హరించు జాతహారిణులను గూర్చి అందు విస్తరముగా చెప్పబడినది. మన పూర్వులు కన్నులార చూచినదానినే చెప్పిరి. కారణమును కనుగొనుటకు కావలసిన సాధనములు నాడు లేవు. ఇట్టి మరణములకు కారణములు పెక్కులు. వానిలో నొక్కదానిని గూర్చి మాత్రమే నేడు మనవి చేసెదను. ఈ యొక్కదానినే ఏల యెంచుకొంటి ననగా, దీనిని మనము దాదాపు పూర్తిగా నివారింపగలము. కాని నివారింపవలసిన సమయము బిడ్డలు పోవుచున్నప్పుడు కాదు, తొలిబిడ్డ కడుపులో నుండగనే, ఇంటిల్లిపాదియు సంతోషముగా నున్న సమయమున. ఆపద కనబడని వేళ జాగ్రత్తపడుట మనుష్యులకు కష్టము. అందుచేతనే పెద్దలైన మీతో చెప్పుచున్నాను.

నెత్తురంతయు నెఱ్ఱగానే యుండును గాని యంతయు నొక్కటి కాదు. 1901 లో వియన్నా నగరమున కార్ల్ లాండ్‌స్టైనరు అను శాస్త్రజ్ఞుడు మనుష్యుల రక్తములో భేదములున్నవని చూపెను. ఏ, బి, ఓ, ఏబి యని మనము నేడు చెప్పుకొను వర్గములు ఆ త్రోవను వచ్చినవే. ఒకరి రక్తము వేఱొకరి కెక్కింపవలసి వచ్చినపుడు వర్గము కుదురవలయునని నాటినుండి తెలిసినది. అయినను వర్గము కుదిరియు వికటించిన సందర్భములు కొన్ని వైద్యులకు తలనొప్పిగా మిగిలెను.

1939 లో న్యూయార్కు వైద్యులు ఫిలిప్ లెవైను, రూఫస్ స్టెట్సను అనువారు ఇట్టిదానినే ప్రకటించిరి. ఒక యిల్లాలు మృతశిశువును కనెను. రక్తస్రావమైనందున ఆమెకు భర్త రక్తమెక్కించిరి. ఇరువురిదియు ఓ వర్గమే. అయినను ఎక్కించినంతనే ఆమెకు వణకును, నొప్పులును పుట్టినవి. ఆమె రక్తరసములో భర్త ఎఱ్ఱకణములను కలిపి చూడగా అవి గడ్డకట్టెను. లెవైను ఊహించినది చిత్రముగా నుండును: భర్తయందున్న ఏదో యొక గుణము బిడ్డకు సంక్రమించినది, ఆ గుణము తల్లికి లేదు, బిడ్డను మోయుచున్న కాలముననే తల్లి శరీరము దానిని పరాయిదిగా నెంచి దానిపై ఆయుధములు సిద్ధము చేసికొనినది. అందుచే భర్త రక్తము లోనికి రాగానే ఆ యాయుధములు దానిపై పడినవి.

మఱుసటి యేడు, 1940 లో, లాండ్‌స్టైనరును వీనరు అను మఱియొక వైద్యుడును రీసస్ జాతి కోతి రక్తముతో చేసిన పరిశోధనలవలన ఈ గుణమునకు పేరు వచ్చెను. ఆ జాతి పేరులోని మొదటి రెండక్షరములే ఆర్.హెచ్. అనునవి. ఆ కోతి మన భారతదేశపుదే. అంతమాత్రమున మనకు కోతి నెత్తురున్నదని యెవ్వరును బాధపడ నవసరము లేదు. మనుష్యునియందలి గుణమును కోతియందలి గుణమును వేఱువేఱని తరువాత తేలినది, పేరు మాత్రము నిలిచిపోయినది. ఆ గుణమున్నచో పాజిటివు, లేనిచో నెగటివు. మన దేశమున సుమారుగా నూటికి ఐదుగురు నెగటివులు. ఐరోపా సంతతివారిలో పదునైదుగురు వఱకు నుందురు. నూటికి ఐదుగురనగా, ఒక పెద్ద గ్రామమున ఏటేట కాన్పగు స్త్రీలలో ఒకరిద్దరైన నుండుట సహజము.

ఇక హాని జరుగు తీరు. కడుపులో తల్లి రక్తమును బిడ్డ రక్తమును కలియవు. మాయలో రెండును ప్రక్కప్రక్కనే ప్రవహించుచు, నడుమ పలుచని పొరయుండగా, ఆహారమును ప్రాణవాయువును ఇచ్చిపుచ్చుకొనుచుండును. మన ముదినేపల్లి ప్రాంతమువారికి చేపల చెఱువు గట్టు తెలియనిది కాదు. గట్టునకు ఈవల వరిచేను, ఆవల చెఱువు. ఊట కొంత యున్నను నీరు నీరుగా కలియదు. గండిపడిన దినముననే కలియును. కాన్పువేళ మాయ విడివడునపుడు అట్టి గండియే పడి బిడ్డ రక్తము కొంచెము తల్లి రక్తములో చేరును. గర్భస్రావమైనను, నెలలు నిండకమున్నే రక్తము కనబడినను, కడుపునకు దెబ్బ తగిలినను ఇట్లే జరుగవచ్చును. తల్లి నెగటివు, బిడ్డ పాజిటివు అయినచో తల్లి శరీరము ఆ క్రొత్త కణములను శత్రువులుగా నెంచి, వానిని సంహరించు ప్రతిరక్షకములను తయారు చేసికొనును. దానికి కొన్ని వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. అప్పటికి తొలిబిడ్డ ఊయలలో క్షేమముగా నుండును. కాని శరీరము ఒకసారి నేర్చినదానిని మఱవదు. మలిచూలు బిడ్డయు పాజిటివే యయినచో ఆ ప్రతిరక్షకములు మాయను దాటిపోయి బిడ్డ ఎఱ్ఱకణములను పగులగొట్టును. బిడ్డకు రక్తహీనత కలుగును. తీవ్రమైనచో ఒళ్లెల్ల నీరుపట్టి కడుపులోనే పోవును. బ్రతికి పుట్టినను, పగిలిన కణములలోని పసుపురసము ఒడలెల్ల నిండి కామెర్లు పుట్టును. అది మెదడున కెక్కినచో బిడ్డ పోవుటయో, బ్రతికినను చెవిటిదగుటయో, కాలుసేతులు స్వాధీనములో లేకుండుటయో జరుగును. కాన్పు కాన్పునకు ఈ హాని ముదురుట కలదు.

నేనెఱిగిన యొక కుటుంబపు సంగతి చెప్పెదను. సుమారు ముప్పదియైదేండ్ల క్రిందటి మాట. ఊరు పేరును ఇంటి పేరును అనవసరము. కోడలిది దివిసీమ. తొలికాన్పు పుట్టినింట, దగ్గఱి పట్టణములోని యొక యాసుపత్రిలో జరిగెను. మగబిడ్డ, పండువంటివాడు. రెండేండ్లకు రెండవకాన్పు అత్తవారింట. బిడ్డ పుట్టిన నాటి సాయంకాలమునకే కన్నులు పచ్చబడినవి. పొద్దుటియెండ చూపిన తగ్గునని పెద్దలనిరి. నాలుగవనాడు బిడ్డ పాలు త్రాగుట మానెను. వెన్ను విల్లువలె వంచి, పోయెను. మూడవ గర్భము ఎనిమిదవ నెలలోనే చచ్చి పుట్టెను. నాగదోషమనిరి. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరునకు మ్రొక్కిరి. అది తప్పనను, దుఃఖములో దైవము తలపునకు రాక మఱెవ్వరు వత్తురు? కాని ఆ పిల్ల పాదము మంచిది కాదను మాటయు ఆ ముంగిటనే పుట్టినది.

చివరకు బెజవాడలో నొక వైద్యురాలు రక్తము పరీక్షించి కారణము చెప్పెను. చెప్పినను ఇంటిలో ఒకరు, “మఱియొక పిల్లను చేసికొన్నచో చిక్కు తీరును గదా” యనిరి. శాస్త్రము తెలిసినను మనసు మాఱకున్న అది ఆయుధమే యగును. ఆ మాట కా భర్త యొప్పుకొనలేదు. ఒక్క కుమారునితో తృప్తిపడిరి. ఇందు నన్ను నేటికిని కలచునది వేఱొకటి. తొలికాన్పు నాటి కాగితము దివిసీమలో ఆ పిల్ల తల్లి పెట్టెలో మడతపెట్టి యుండెను. దానిమీద “ఓ నెగటివు” అని ఆంగ్లములో స్పష్టముగా వ్రాసియున్నది. వ్రాసినవారు విప్పి చెప్పలేదు, దాచినవారు చదివింపలేదు. నాటికే మందు లోకములో నుండి ఇరువదియేండ్లు దాటినది.

ఆ మందు పుట్టిన కథ వినదగినది. 1960 ప్రాంతములలో ఇంగ్లాండులోని లివర్‌పూలు నగరమున సిరిల్ క్లార్కు, రోనాల్డ్ ఫిన్ను, వారి మిత్రులును. న్యూయార్కులో ఫ్రెడా, గోర్మను, పోలాకు అనువారును ఇంచుమించు నొకే కాలమున, వేఱువేఱు త్రోవలలో, ఒకే యుక్తికి వచ్చిరి. ముల్లును ముల్లుతోనే తీయవలయును. తల్లి శరీరము ప్రతిరక్షకములు తయారు చేసికొనకమున్నే, అట్టి ప్రతిరక్షకములనే బయటినుండి సూదిమందుగా ఇచ్చినచో? గండిలోనుండి వచ్చిన బిడ్డ కణములను ఆ మందు తుడిచివేయును. తల్లి శరీరమునకు వాని యునికియే తెలియదు. ఊరు మేలుకొని కఱ్ఱలు పట్టుకొనకమున్నే కావలివాడు క్రొత్తవానిని పొలిమేర దాటించినట్లు. న్యూయార్కు వైద్యులు తొలుత సింగ్ సింగ్ కారాగారములో తమంత తాము ముందుకు వచ్చిన ఖైదీలపై దీనిని పరీక్షించిరి. కాన్పులతో ఏ సంబంధమును లేని ఆ మగవారి ఋణము లోకములోని తల్లులకు కొంత కలదు. 1968 లో అమెరికాలో ఈ మందు వాడుకకు అనుమతి వచ్చెను. దీనిని యాంటీ-డి యందురు.

ఈ మందును చిరకాలము మనుష్యుల రక్తరసము నుండియే తీయుచు వచ్చిరి. నేడు ప్రయోగశాలలో పెంచిన కణములనుండి చేసినదియు మన దేశమున దొరకుచున్నది. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసను అను నాతడు పదునాలుగేండ్ల ప్రాయమున పెద్ద శస్త్రచికిత్స జరిగి, పరుల రక్తముతో బ్రతికెను. పదునెనిమిదేండ్లు నిండగానే తానును ఈయ నారంభించెను. ఆతని రక్తములో ఈ ప్రతిరక్షకములు మెండుగా నుండెను. 2018 లో, 81 ఏండ్ల వయస్సు వఱకు, 1100 కు పైగా పర్యాయములు రక్తరసమిచ్చెను. 2025 ఫిబ్రవరిలో కాలధర్మము నందెను. ఆతని దానమువలన మేలుపొందిన శిశువులు 24 లక్షలని ఆ దేశపు రెడ్‌క్రాసువారి యంచనా. ఆతనికి సూదియన్న భయమట. సూది గుచ్చునపుడు చూడక మొగము త్రిప్పుకొనెడివాడట.

ఫలమెంతయో వినుడు. ఏ మందును లేనప్పుడు, తల్లిబిడ్డల ఏ, బి, ఓ వర్గములు కుదిరి, తల్లి నెగటివును బిడ్డ పాజిటివును అయినచో, నూటికి సుమారు పదునాఱుగురు తల్లులలో ప్రతిరక్షకములు పుట్టెడివి. కాన్పు తరువాత మందిచ్చినచో ఆ సంఖ్య ఒకటి రెండునకు తగ్గినది. గర్భములో నుండగా నొకసారి, కాన్పు తరువాత నొకసారి యిచ్చినచో వేయికి ఒకరు మొదలు ముగ్గురు వఱకే. వైద్యములో ఇంతటి ఫలము అరుదు.

ఇక మనము చేయవలసినది. గర్భము నిలిచినదని తెలియగానే తల్లి రక్తవర్గము చూపింపవలయును. ప్రాథమికారోగ్య కేంద్రములలో ఈ పరీక్ష యుచితము. 2016 నుండి ప్రతి నెల 9 వ తేదిన గర్భిణులకు ప్రభుత్వాసుపత్రులలో వైద్యులు ప్రత్యేకముగా పరీక్షలు జరుపుచున్నారు. తల్లి నెగటివైనచో భర్త వర్గమును చూడవలయును. భర్తయు నెగటివైనచో బిడ్డయు నెగటివే, భయము లేదు. భర్త పాజిటివైనచో తల్లి రక్తములో ప్రతిరక్షకములు ముందే యున్నవేమో పరీక్షింతురు. లేనిచో 28 వ వారమున ఒక సూదియు, కాన్పైన పిదప బిడ్డ పాజిటివని తేలినచో 72 గంటలలో మఱియొకటియు వేయింపవలయును. మందు ఒంటిలో చిరకాలము నిలువదు గనుక ప్రతి గర్భమునకు మరల కావలయును. తొలికాన్పునకు వేయించితిమి గదా యని మలికాన్పునకు మానుట పొరపాటు.

చిక్కంతయు మన యాచారమునందున్నది. 28 వ వారమనగా ఏడవ మాసము. సరిగా ఆ మాసముననే సూడిదలు తెచ్చి, సీమంతము జరిపి, పిల్లను పుట్టినింటికి తీసికొనిపోవుట పెక్కు ఇండ్లలో వాడుక. అత్తవారి యూరి ఆశా కార్యకర్త వేయించవలయునని వ్రాసికొనును. అప్పటికి పిల్ల బందరులోనో అవనిగడ్డలోనో యుండును. అక్కడివారికి ఈమె క్రొత్త. 2022 ఏప్రిలులో ముదినేపల్లి ఏలూరు జిల్లాలో చేరినది. గుడివాడ, బందరు, దివిసీమ కృష్ణాజిల్లాలోనే యున్నవి. వియ్యములు మాత్రము మునుపటివే గనుక, తల్లి యొక జిల్లాలో, కాగితములొక జిల్లాలో నుండుట మునుపటికంటె హెచ్చగును. అందుచే పసుపుకుంకుమలతో పాటు తల్లీబిడ్డల కార్డును పిల్ల చేతి కీయుడు. వియ్యంకుడు వియ్యంకునకును, వియ్యపురాలు వియ్యపురాలికిని నోటితో కూడ చెప్పవలయును. మలికాన్పు అత్తవారింట నగును గనుక తొలికాన్పు కాగితములు తిరిగి రావలయును.

మందు చల్లని పెట్టెలో నుంచవలసినది. అన్ని యూళ్ల మందుల దుకాణములలో నుండదు. వెలయు సామాన్యునకు తేలిక కాదు. ప్రభుత్వాసుపత్రిలో నిలువయున్నదా యని ముందుగనే యడిగి యుండవలయును. ఆదివారమో, అర్ధరాత్రమో, వానలకు దారులు మునిగిన నాడో కాన్పైనచో అప్పుడు వెదకికొనుట కష్టము. 72 గంటలు దాటినను ఇక ప్రయోజనము లేదని ఊరకుండరాదు. పదిదినముల వఱకు వేయించినను కొంత రక్షణ యుండునని వైద్యులు చెప్పుదురు. పురుడు వెళ్లనీయుడని ఆగవలసిన విషయము కాదిది.

మఱియొకటి మెల్లగా చెప్పవలసినది. గర్భస్రావమును దాచుట మనలో కలదు. దుకాణములో మాత్రలు కొని, ఇంటిలోనే ముగించి, ఎవ్వరికిని చెప్పకుండుటయు కలదు. నెగటివు స్త్రీకి అదియు ఒక గండియే కావచ్చును. ఎన్ని వారముల గర్భమునకు మందు కావలయునన్న విషయమున వైద్యులలో అభిప్రాయభేదము కలదు. ఆ నిర్ణయము వారిది. జరిగినదానిని వారికి చెప్పుట మాత్రము మన పని. ఇంటిలో కోపించు పెద్ద యున్నచోట ఆడపిల్ల నోరు విప్పదు.

పెండ్లిమాటలలో ఈ విషయము వచ్చుచున్నదని విన్నాను. నాడీకూటమనగా రక్తవర్గమే యని కొందఱు క్రొత్త వ్యాఖ్యానము చేయుచున్నారు. జ్యోతిషము కొంత చదివినవాడను గనుక చెప్పుచున్నాను: ఆది, మధ్య, అంత్య నాడులు జన్మనక్షత్రమును బట్టి వచ్చునవి, రక్తవర్గము తల్లిదండ్రులనుండి వచ్చునది. ఒకే తల్లికి పుట్టిన ఇద్దఱి నక్షత్రములు వేఱై రక్తము ఒకటే కావచ్చును. వానికిని దీనికిని ముడి లేదు. మేనరికము మూలమున వచ్చినదనుటయు సరికాదు. మేనరికమునకు వేఱు దోషములుండవచ్చును గాని, ఈ హాని దంపతుల రక్తములలోని భేదము వలన వచ్చునదే కాని సామ్యము వలన వచ్చునది కాదు. నెగటివు అను మాట వినుటకు లోపమువలె తోచును. లోపము కాదు, కన్నుల రంగువంటి పుట్టువడి. నెగటివని సంబంధము వదలుకొనుట తెలివితక్కువ. ఒక పరీక్ష, రెండు సూదులు, ఇంతే తేడా.

ఇదివఱకే ప్రతిరక్షకములు పుట్టిన తల్లులకు ఈ సూదివలన లాభము లేదు. అట్లని వారి గతి ముగిసినట్లు కాదు. 1963 లో న్యూజిలాండులో విలియం లైలీ యనువాడు కడుపులోనున్న శిశువునకే రక్తమెక్కించి బ్రతికించెను. నేడు ఆ విద్య మఱింత నేర్పుతో సాగుచున్నది. హైదరాబాదు, చెన్నపట్టణము వంటి నగరములలో దీనిని చేయువారున్నారు. తల్లి కడుపుమీద యంత్రముంచి, శిశువు తలలోని రక్తనాళములో ప్రవాహవేగము చూచి, రక్తహీనత యెంతయో చెప్పగలరు. పుట్టిన తరువాత నీలికాంతి క్రింద పరుండబెట్టుదురు. చాలనిచో బిడ్డ రక్తమును మార్చుదురు. ఈ కాంతిచికిత్సకు మూలము మన పొద్దుటియెండ వంటిదే. 1950 దశకమున ఇంగ్లాండులో వార్డు అను నర్సు, ఎండ తగిలిన చోట బిడ్డ పచ్చదనము తగ్గుటను చూచి వైద్యులకు చూపెను. కాని తొలి 24 గంటలలోనే కనబడు కామెర్లకు పెరటియెండ చాలదు. అట్టి బిడ్డను ఆ పూటనే ఆసుపత్రికి చేర్పవలయును. రాత్రి యని తెల్లవాఱుదాక ఉంచరాదు.

మీ యిండ్లలో బిడ్డలు పుట్టిన వేళ, తిథి, నక్షత్రము వ్రాసికొను పుస్తకముండును. అదే పుటలో తల్లి రక్తవర్గము, బిడ్డ రక్తవర్గము, సూది వేసిన తేది, వేసిన యూరు తెలుగులో వ్రాసి యుంచుడు.